పది వేళ్ళ మనిషి

“చేతులు చూపించు.”

ఆసెల్ విట్‌కమ్ రెండు చేతులూ చాచాడు. మిల్లు యజమాని థార్న్ దొర వాటిని అటూ ఇటూ తిప్పి వేళ్ళు లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాడు.

“పదీ ఉన్నాయే!” అన్నాడు, దొంగసొత్తు దొరికినట్టు.

“ఉన్నాయి దొరా. పెనాబ్‌స్కాట్ నది మిల్లుల్లో ఇరవై రెండేళ్ళు రంపం మీదే పనిచేశాను. ఒక్క గీత కూడా పడలేదు.”

“రంపం పక్కన నిలబడి కబుర్లు చెప్పుంటావు. కోతమేస్త్రి అంటే చెయ్యి చూస్తే తెలియాలయ్యా. పో, దుంగలు దొర్లించు.”

థార్న్స్ ల్యాండింగ్ అనే ఆ ఊరు పుట్టి అప్పటికి రెండేళ్ళు. విస్కాన్సిన్ అడవిలో నది వంపు దగ్గర ఒక కోతమిల్లు, ఒక పూటకూళ్ళ ఇల్లు, సగం కప్పేసి వదిలేసిన చర్చి, వీటి మధ్య మోకాలి లోతు రంపపు పొట్టు. అంతే ఊరు. బడి లేదు, జడ్జి లేడు. మరి ఎవడు గొప్పవాడో తేలడం ఎలా? అందుకని జనం వేళ్ళను కొలతగా పెట్టుకున్నారు. ఎన్ని తక్కువైతే అంత పెద్దమనిషి. పూటకూళ్ళ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చోవడం కూడా ఆ వరసే. ఎనిమిది వేళ్ళవాళ్ళు పొయ్యి పక్కన, తొమ్మిది వేళ్ళవాళ్ళు నడుమ, పదీ ఉన్న నిర్భాగ్యులు తలుపు దగ్గర చలిగాలిలో.

ఆసెల్ తలుపు దగ్గర కూర్చున్నాడు. అవమానమైతే దిగమింగుకునేవాడే. కానీ కోతమేస్త్రికి గుట్టమీద ఇల్లిస్తారు. ఆ ఇల్లు లేనిదే భార్య లూసిండానీ ఇద్దరు పిల్లల్నీ తెచ్చుకోలేడు. నవంబరులో నది గడ్డకడితే పడవలు ఆగిపోతాయి. ఇక వసంతం దాకా వాళ్ళక్కడ, తనిక్కడ.

మూడోరోజు పడవ దిగాడు గిడియన్ మర్చ్. అతను టోపీ తీసి “దొరగారూ, ఏదైనా పని...” అనేలోపే థార్న్ దొర కళ్ళు అతని ఎడమచేతి మీద పడ్డాయి. బొటనవేలూ చూపుడువేలూ తప్ప అక్కడ ఇంకేమీ లేవు.

“మూడు పోయాయి!” దొర ఆ చేతిని రెండు చేతులా అందుకున్నాడు. “ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా?”

సాయంత్రానికల్లా గిడియన్ కోతమేస్త్రి అయిపోయాడు. గుట్టమీద ఇల్లూ, పొయ్యి పక్క కుర్చీ అతనివైపోయాయి.

రంపం మీద కోతపని మాత్రం ఆసెల్ నెత్తిన పడింది. గిడియన్ రంపానికి పదడుగుల దూరంలో, జేబుల్లో చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. “రంపం పాట వింటున్నాడురా,” అని గుసగుసలాడేవారు జనం. అప్పుడప్పుడు కళ్ళు తెరిచి “ఊఁ, కానీయ్” అనేవాడు. గొప్పవాళ్ళు ఎక్కువ మాట్లాడరు కదా, అదీ కలిసొచ్చింది.

ఊరంతా మూడుపూటలా తినే ఉప్పు పందిమాంసం అతను ముట్టడు. చిక్కుడుగింజల కూరలో ఒక్క ముక్క కనబడినా కంచం పక్కకి తోసేస్తాడు. “ఏదో మొక్కుండుంటుంది, అడక్కండి,” అని పూటకూళ్ళ హానోరమ్మ అందరి నోళ్ళూ మూయించింది. ఆవిడ పెంచే ఆడపంది బెస్సీ ఓరోజు తాడు తెంచుకుని మిల్లులోకి జొరబడింది. పనివాళ్ళంతా దాన్ని పట్టుకోవడానికి కిందామీదా పడుతుంటే, గిడియన్ ఒక్కడే పలకల దొంతర ఎక్కి పై వరసలు తనిఖీ చేస్తూ కనిపించాడు.

“చూశారా, పని మీద ధ్యాసంటే అదీ!” అన్నాడు థార్న్ దొర.

అక్టోబరులో మిల్లుకి రెండో రంపం వచ్చింది. దాని మేస్త్రి కోసం గుట్టమీద రెండో ఇల్లు లేచింది. ఆసెల్ దొర దగ్గరికి పరిగెత్తాడు.

“ఈ రంపం నాకివ్వండి దొరా. నేనొచ్చాక మీ మిల్లులో ప్రతి పలకా నేను కోసిందే.”

“కాదన్నానా? కానీ పది వేళ్ళవాణ్ణి మేస్త్రిని చేస్తే తొమ్మిది వేళ్ళవాళ్ళు నా మొహాన ఉమ్మరూ? వారం చూసి, పై ఊరి నుంచి ఎవణ్ణయినా పిలిపిస్తాను.”

ఆ మర్నాడే లూసిండా ఉత్తరం వచ్చింది. ‘చిన్నాడు పక్కింటాయన్ని నాన్నా అని పిలుస్తున్నాడు. ఆయనా పలుకుతున్నాడు.’

ఆసెల్ ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివాడు. తర్వాత తన వేళ్ళను ఒక్కొక్కటీ పరీక్షగా చూసుకున్నాడు. ఎడమచేతి చిటికెనవేలు దగ్గర ఆగాడు. పుట్టిందగ్గర్నుంచీ ఊరికే తిని కూర్చున్నది అదొక్కటే అనిపించింది.

శుక్రవారం పొద్దున కళ్ళు మూసుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో రంపం దగ్గర అతను కళ్ళు మూసుకోవడం అదే మొదటిసారి.

“ఇప్పుడయ్యావయ్యా మేస్త్రివి!” అంటూ థార్న్ దొర వచ్చి కావలించుకుని, ఇంటి తాళంచెవి అతని మంచిచేతిలో పెట్టాడు. జనం టోపీలు ఎగరేశారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి, తొమ్మిది వేళ్ళవాడే అయినా మేస్త్రి కదా అని, ఆసెల్‌ని పొయ్యి దగ్గర గిడియన్ పక్కనే కూర్చోబెట్టారు. గిడియన్ తినడం మానేసి ఆసెల్ ఎడమచేతి కట్టు వంకే చూస్తున్నాడు.

“నొప్పిగా ఉందా?”

“ప్రాణం పోతోంది. అయినా ఉత్తరం రాసేశాను. చివరి పడవకి మావాళ్ళొచ్చేస్తారు.”

“నిజం చెప్పు ఆసెల్. చెయ్యి జారిందా, నువ్వే పెట్టావా?”

“నేనే పెట్టాను మేస్త్రీ. మిమ్మల్ని చూశాకే ధైర్యమొచ్చింది.” ఆసెల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఒక్కదానికే నేనిలా ఉన్నాను, మీకు మూడు! ఎప్పుడు జరిగింది?”

గిడియన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “నాకప్పుడు ఏడాదిన్నర.”

“ఏడాదిన్నరకే మిల్లులోనా!” ఆసెల్‌కి ఒళ్ళు పులకరించింది. “ఏ రంపం మేస్త్రీ?”

“రంపం కాదయ్యా, పంది కొరికింది.”