అవతలి పక్క పెడల్

"ఒక మనిషిని పెట్టుకుంటే పోయేదానికి ఇంత ఇనుము ఎందుకప్పా?" ఆటోలోంచి రైలు పట్టా ముక్క దించుతూ అడిగాడు మహబూబ్ బాషా.

కమ్మరి దేవరాజులు పట్టా రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ మూలుగుతూ దాన్ని కొలిమి దగ్గరికి చేర్చారు.

అక్కడ బల్ల మీద, పలమనేరు చలికి దుప్పటి మెడదాకా కప్పుకొని కుప్పయ్య కూర్చున్నాడు. నిరుటిదాకా ఈ కొలిమిలో సమ్మెట కొట్టింది ఆయనేనట. ఇప్పుడు మాత్రం కదల్లేదు.

బాషా చిత్తూరు నుంచి పాత ఇనుము తెచ్చి అమ్ముతాడు. దేనికైనా ఒక్క చూపులో తూకం కట్టేయడం అలవాటు. కుప్పయ్యకూ కట్టేశాడు: తుక్కులోకి కూడా రాని సరుకు.

దేవరాజులు సంగతి వేరు. ఎల్లుండి క్వారీ మేస్త్రీ వస్తాడు. గడ్డపారలు తయారుగా లేకపోతే ఆర్డరు హోసూరు ఫ్యాక్టరీకి పోతుంది. అది పోతే కొలిమి మూతే. ఇంతవరకు ఒక్కటీ కాలేదు. సమ్మెట పడందే గడ్డపార సాగదు.

"మా మేనల్లుడు ఉండాడు. గుండ్రాయి మాదిరి ఉంటాడు. ఫోన్ చేస్తే గంటలో ఈడుంటాడు," అన్నాడు బాషా.

"మనిషి వద్దు బాయ్. మిషనే కావాల."

నగరిలో మూతపడిన మగ్గాల షెడ్డు మోటారు, లారీ కమాన్ స్ప్రింగు ఆకులు, ఆటో చక్రం. ఒక్కో ముక్కనూ దేవరాజులు వెల్డింగుతో అతికించాడు. పెడల్ తొక్కితే చక్రం తిరిగి సుత్తి దిగాలి. కాలు తీస్తే ఆగాలి.

మొదటిసారి ఫ్యూజు కొట్టేసింది. రెండోసారి కమాన్ ఆకు విరిగి గోడకు తగిలింది. దేవరాజులు భార్య ఆనందమ్మ కేక పెట్టి బయటికి పరిగెత్తింది.

"పై ఆకు తీసెయ్ రాజులూ, బిగువు జాస్తి అయింది," అన్నాడు కుప్పయ్య, కూర్చున్న చోటు నుంచే.

బాషాకు ఒళ్లు మండింది. "నోరు ఆడినంత చెయ్యి ఆడుంటే ఈపాటికి పని అయిపోయేది పెద్దాయనా!"

"నిజమే బాయ్," అని నవ్వాడు కుప్పయ్య.

ఆ నవ్వు ఇంకా మండించింది. తాను అంగడి నుంచి తెచ్చి ఆయన ముందు పెట్టిన టీ అలాగే మీగడ కట్టింది. తన టీ కూడా పనికిరాదా?

ఇక సుత్తి తల కావాలి. తగిన బరువున్న ముక్క ఆటోలో లేదు. చిత్తూరు పోయి రావడానికి పొద్దు లేదు. దేవరాజులు చుట్టూ చూశాడు. గోడకు ఆనించి ఉన్న సమ్మెట తీసి, పిడి ఊడగొట్టాడు.

"కుప్పన్న సమ్మెట అది..." ఆనందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాషాకే అది నచ్చలేదు. ఒకడి కూడు లాగి యంత్రానికి పెట్టడం, అదీ వాడి కళ్లముందే! ఎంత సోమరైనా, ఇదేం లెక్క?

"వంకర లేకుండా పెట్టప్పా," అన్నాడు కుప్పయ్య. "నా సమ్మెట ఎప్పుడూ వంకర దిగలా."

చివరికి పెడల్. ఇనుము పెట్టి కొట్టే దాగలిగా నిలబెట్టిన పట్టాకు అవతలి పక్క అతికించాడు దేవరాజులు.

"తిక్క పట్టిందా ఆచారీ? నీ కాలు ఆడికి అందదు!"

దేవరాజులు వెల్డింగు ఆపలేదు. ప్రాణం మీదికి వచ్చినవాడికి కుడి ఎడమలు తెలియవనుకున్నాడు బాషా.

మోటారు గుర్రుమంది. ఎర్రగా కాలిన కమ్మీ దాగలి మీదికి వచ్చింది. బాషా కళ్లు దాని మీదే. దేవరాజులు చేసుత్తితో దాగలి అంచున టక్ మనిపించాడు. కొలిమిలో అదే భాష: ఒక టక్కుకు సమ్మెట ఎత్తి కొట్టాలి, రెండు టక్కులకు దించి ఆపాలి.

"యంత్రానికి చెవులుంటాయా అప్పా?" బాషా నవ్వబోయాడు.

ధన్. ధన్. ధన్. ఇనుము మైనంలా సాగింది. దేవరాజులు టక్ టక్ మనిపించాడు. సుత్తి ఆగింది.

బాషా తలెత్తి చూశాడు: దాగలికి అవతల, తన పాత జాగాలోనే, పెడల్ మీది నుంచి అప్పుడే కాలు తీసి నిలబడ్డ కుప్పయ్య ఒంటి మీది నుంచి దుప్పటి జారిపోయి ఉంది, చొక్కా చేతులు రెండూ భుజాల దగ్గరే ముడివేసి ఉన్నాయి.