వెన్న పందెం

“మూతికంటింది కూడా నాకేస్తారా ఏమిటి? తుడుచుకోండి,” అంది భార్య.

దర్జీ తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. షుగరు బయటపడ్డ నాటినుంచి ఆవిడ ఇంట్లో వెన్న కంటికి కనపడనిచ్చిన పాపాన పోలేదు. అలాంటిది ఈ పరీక్షా కేంద్రం వాళ్ళు పిలిచి మరీ గ్లాసుడు మీగడ తాగించారు.

“వెన్నకు రుచి ఇచ్చిందీ దేవుడే, నాకు షుగరు ఇచ్చిందీ ఆయనే. ఏమిటో ఆయన ఉద్దేశం,” అన్నాడు.

“సాయంత్రానికి తేలుతుందిలెండి.”

ల్యాబ్ అమ్మాయి నవ్వింది. “తిన్న కొవ్వు రక్తంలోకి చేరుతుంది బాబాయిగారూ. గొట్టంలో రక్తం మీద తేరే పసుపురంగు తేట తెల్లబడుతుంది. మామూలువాళ్ళకి సాయంత్రానికల్లా మళ్ళీ తేరుకుంటుంది. షుగరుంటే ఇన్సులిన్ మాట ఒళ్ళు సరిగా వినదు. అందుకే చాలామందికి ఆ తెలుపు ఓ పట్టాన పోదు. పోల్చి చూడ్డానికి షుగరు లేనాయన ఒకరు రావాలి. ఇంకా రాలేదు.”

“నేను లేనూ? ఇటివ్వమ్మా గ్లాసు,” అంది భార్య. “ఈయన మాత్రలూ, నడకా, పరీక్షలూ అన్నీ చూసుకునేది నేనేగా. నాకేం రోగం?”

ఆవిడ గటగటా తాగేసింది. దర్జీకి హుషారు పుట్టింది.

“నా రక్తం తేటపడితే రోజూ రొట్టె మీద వెన్న. పందెమా?”

“పడకపోతే మళ్ళీ వెన్న పేరెత్తకూడదు.”

ఇక ఆయన కాలు ఒకచోట నిలవలేదు. వరండాలో పచార్లు చేస్తూ, తెలిసిన దేవుళ్ళందరికీ పేరుపేరునా మొరపెట్టుకున్నాడు. భార్య మాత్రం నీళ్ళసీసా ఖాళీ చేసి, మళ్ళీ నింపుకొచ్చి, కుర్చీలోనే కునికిపాట్లు పడింది.

పొద్దువాలుతుండగా అమ్మాయి ఇద్దరి రక్తమూ తీసుకెళ్ళి, కాసేపటికి రెండు గాజుగొట్టాలు తెచ్చి కిటికీ వెలుగులో పట్టుకుంది. ఒకదానిలో తేట నిగనిగలాడుతోంది. రెండోదానిలో పాలు పోసినట్టే ఉంది.

దర్జీ పచార్లు ఆపేశాడు.

“చూశారా?” భార్య లేచి నిలబడింది. “ఇంత కట్టడి చేస్తేనే ఇలా ఉంది. నేనే లేకపోతే ఏమైపోయేవారో.”

“ఒప్పుకున్నానే. ఓడిపోయాను. ఇక వెన్న ఊసెత్తను.”

అమ్మాయి నవ్వలేదు. గొట్టాల మీది చీటీలు ఒకటికి రెండుసార్లు చూసుకుంది. మెల్లగా వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

“పిన్నిగారూ, తెల్లనిది మీది.”