కుంటలో ఈ ఏటి మాట

వేసవికి కుంట సగం ఎండింది. మిగిలిన నీళ్లలోనే అందరూ సర్దుకున్నారు. ఈ ఏడాది కుంటలో బాగా వాడుకలో ఉన్న మాటేదో చెప్పినవారికి నీడలోని రాయి ఇస్తానని ముసలి తాబేలు సభలో ప్రకటించింది. ఎండకు వీపు మాడుతున్న కప్పకు ఆ రాయి మీదే ఆశ.

“సామరస్యం,” అంది కొంగ. చేపలు తలలూపాయి.

“మంచి మాటే. ఎవరైనా అనగా విన్నావా?” అంది తాబేలు.

“నాకు రోజూ వినబడింది ఒకటే, తాతా. ‘జరుగు’,” అంది కప్ప.

“నేనెప్పుడూ అనలేదే,” అంది కొంగ. “కాస్త జరుగు, తాత మొహం కనబడటం లేదు.”

సభంతా నవ్వింది. కప్ప రాయెక్కింది.

మధ్యాహ్నం ఎండకు తాళలేక కొంగ రాయి దగ్గరికొచ్చింది.

“కప్ప తమ్ముడూ, కాస్త...” అని ఆగిపోయింది.

కప్ప తనంతట తానే జరిగింది.