తప్పకుండా చెప్తాను

ఇన్సులిన్ ధర తగ్గిస్తానని ఓట్లు అడిగిన కాంగ్రెస్‌మాన్, అంటే అమెరికాలో ఎంపీ లాంటివాడు, గెలిచాక ఆ బిల్లుకే అడ్డం తిరిగాడు. షుగర్ పేషెంట్ విశాలాక్షి రోజూ ఆయన ఆఫీస్‌కి కాల్ చేస్తూనే ఉంది. ఎప్పుడూ మెషీనే మాట్లాడేది.

ఈరోజు ఒక అమ్మాయి ఎత్తింది. విశాలాక్షి ఇంగ్లీష్‌లో కడిగిపారేసింది.

"సారీ మేడమ్. కాంగ్రెస్‌మాన్‌కి తప్పకుండా చెప్తాను," అంది అమ్మాయి, ఎంతో ఆప్యాయంగా.

విశాలాక్షి ఆ గొంతు గుర్తుపట్టింది. పాలిటిక్స్ బాగుచేస్తానని పోయిన వారమే అక్కడ ఇంటర్న్‌గా చేరిన తన కూతురు.

"మేధా, నిజంగా చెప్తావా?"

కూతురు గొంతు తగ్గించింది.

"లేదు మమ్మీ. ఇక్కడ ఎవరూ రాసుకోరు కూడా. అలా చెప్పమన్నారు."

విశాలాక్షి ఫోన్ పెట్టేసింది. ఆయన అబద్ధాలు ఆమెకి అలవాటే. కానీ గొంతు గుర్తుపట్టకపోతే, కూతురి మాట నమ్మేసేది.