మరకెళ్ళిన మొగుడు

"ఇంకొక్కసారి మాట జారావంటే ఆ గుడ్డ టోపీ ఇక్కడ పెట్టి ఇంటికి పోవడమే, లవాన్," అంది మార్డెల్. మ్యూజియం కమిటీకి పెద్ద తలకాయ ఆవిడే.

పోయిన వారం ఎవరో భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగితే, లవాన్ పాపం పెట్రోల్ బంకు పక్కనున్న పిజ్జా కొట్టు చూపించింది. ఈ మట్టింటి గడప దాటితే 1874. చూడొచ్చినవాళ్ళ ముందు వేషం కట్టిన ఆవిడ లవాన్ కాదు, తొలి బళ్ళ మీద నెబ్రాస్కా బయళ్ళకొచ్చి, గడ్డివేళ్ళతో సహా కోసిన మట్టిపెళ్ళలతో ఈ ఇల్లు కట్టుకున్న అల్మైరా. అల్మైరాకి పిజ్జా ఎలా తెలుస్తుంది?

"ఆకలని అడిగారే, ఏం చెప్పమంటావు?"

"మొక్కజొన్న రొట్టె కాలుస్తున్నా, కూర్చోమను. కాగితంలో రాసిచ్చాంగా."

"సరేలే, జారను," అంది లవాన్, గడ్డం కింద టోపీ ముడి బిగించుకుంటూ.

కానీ ఆవేళ జారాలనే వచ్చింది. అది సీజన్‌లో ఆఖరి శనివారం. రేపట్నుంచి మే నెల దాకా ఈ ఇంటికి తాళం. ఎల్డన్ అనే ఆయన వేసవంతా ప్రతి శనివారం వచ్చేవాడు. బల్ల మీద కూర్చుని పది నిమిషాలు మాట్లాడి వెళ్ళేవాడు. వారం మొత్తంలో లవాన్‌తో ఎవరైనా కూర్చుని మాట్లాడేది ఆ పది నిమిషాలే. ఆయనకి ఆవిడ అసలు పేరు కూడా తెలీదు. ఈవేళ చెప్పకపోతే చలికాలమంతా టీవీతో మాట్లాడుకోవాలి. చెబితే వచ్చే ఏడు ఈ గడప తొక్కనివ్వరు. మార్డెల్‌కేం, మొగుడూ కోడళ్ళతో ఇల్లు నిండుగా ఉంది. ఎద్దు పుండు కాకికి నొప్పా?

మూడింటికి ఎల్డన్ వచ్చాడు. గుమ్మంలో బూట్లు రుద్దుకుని, ఎప్పటిలాగే తలవంచి లోపలికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. తెర వెనక గదిలో మార్డెల్ చెవులు రిక్కించుకుని కూర్చుంది.

"ఏమండీ అల్మైరా గారూ, చలి మొదలైందే."

"మొదలైందండీ. పిడకలు చూస్తే నెలకి కూడా వచ్చేలా లేవు."

"మీ ఆయన ఇంట్లో లేరా?"

ఆయన ప్రతి వారం అడిగేదే. జవాబు కాగితంలో ఉంది: గోధుమలు పట్టించడానికి మరకెళ్ళారు, సాయంత్రానికొచ్చేస్తారు. ఆ మాట వినగానే ఎల్డన్ "వచ్చేస్తారన్నమాట" అని తృప్తిగా తలూపేవాడు.

లవాన్ నోరు తెరిచింది. తెర వెనక కుర్చీ కిర్రుమంది.

"రారండీ," అంది. "మా ఆయన పోయి నాలుగేళ్ళయింది. నా పేరు లవాన్. చర్చి వెనక నీలం ఇంట్లో ఉంటాను, ఒక్కదాన్నే. మీకు వీలైతే రేపు కాఫీకి రండి."

మార్డెల్ తెర తోసుకుని వచ్చింది.

"చాలు తల్లీ. ఇటిచ్చెయ్ టోపీ."

లవాన్ ముడి విప్పి ఇచ్చేసింది. ఎంత బాధగా ఉంటుందో అనుకుంది గాని, ఏమీ అనిపించలేదు. ఆవిడ కళ్ళన్నీ ఎల్డన్ మీదే ఉన్నాయి.

ఆయన మొహం పాలిపోయింది. బల్ల పట్టుకుని మెల్లగా లేచి, తలుపు వైపు నడిచాడు.

"కాఫీ సంగతి చెప్పలేదండీ," అంది లవాన్. "పోనీ వచ్చే వారం రండి. నేనేమైనా తప్పుగా అన్నానా?"

ఎల్డన్ గడప మీద ఆగాడు గాని ఇటు తిరగలేదు.

"మా ఆవిడ ఏప్రిల్లో పోయింది. వెళ్ళినవాళ్ళు సాయంత్రానికొచ్చేస్తారని చెప్పే ఇల్లు ఈ ఊళ్ళో ఇదొక్కటే ఉండేదండీ."