మొదటి వేలిముద్ర

నిన్న ఒక లారీ డ్రైవరు అంజయ్య హోటల్ల మూల బల్ల మీద కూసున్నడు.

అంజయ్య ఉరికొచ్చి, "జర అటు కూసో తమ్మీ" అని లేపిండు.

డ్రైవరు చుట్టూ చూసిండు. హోటలంత ఖాళీగనే ఉంది.

"ఈడ ఎవరన్న కూసున్నరా ఏంది?" అన్నడు నవ్వుకుంట.

అంజయ్య తువ్వాలతోటి బల్ల తుడిసి పొయ్యికాడికి పోయిండు.

రెండెండకాలాల కింద ఆ బల్ల మీద ఒక ముసలాయన కూసున్నడు.

అప్పుడు పానగల్ ఫుట్‌బాల్ టీముకు దశరథ్ అనేటోడు కోచ్. బస్టాండు ఎనుక కిరాయి అర్రల ఉండేటోడు. ఏ ఊరోడో ఎవ్వరూ అడగలే.

అంజయ్యకు ఆ టీమంటె పానం. మ్యాచున్న దినం పాలు పొంగిపోయినా చూడడు. ఆ యేడు నల్లగొండల సెమీఫైనల్ ఓడిపోతె రెండు దినాలు బువ్వ ముట్టలే.

తప్పంత దశరథ్‌దే అన్నడు. నిజమే మరి, పిల్లగాండ్లను గ్రౌండు చుట్టు ఉరికిచ్చి, తానేమో బండ మీద కూసుంటడాయె. సెకండాఫ్‌ల తలకాయ మోకాళ్ళల్ల పెట్టుకుంటడు.

"కూసునెటోనికి కోచ్ నౌకరెందుకు? లే, ఉరుకు" అని అంజయ్య గోడెక్కి అరిసేటోడు.

ఎండకాలం ఆటలు బందయినంక, కోచ్‌ను మార్చాలని కమిటీకి కాగితం రాయించిండు.

రాసుడు అయింది గని సంతకం పడలే. మొదటి పేరు ఎవరిదుంటె వాళ్ళకే చెడ్డపేరాయె. కాగితం బల్లబల్ల తిరిగింది, చాయ్ మరకలంటింది. మీరు పెట్టుండ్రి, నేను కింద పెడతనని అంజయ్య కూడ ఎనుకకు జరిగిండు.

అప్పుడు మూలకున్న ముసలాయన చెయ్యి చాపిండు.

మెడ తిరగదు. కాళ్ళు విల్లు లెక్క వంగినయి. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన మనిషని చూడంగనే తెలుస్తది.

"ఇటియ్యి బిడ్డా. నేను పెడత."

"నీది మా ఊరు కాదు గద, పెద్దాయన?"

"కాదు. గా కోచ్ ఆట మీకన్న ఎక్కువ చూసిన. తీసేయుండ్రి. ఇంట్ల కూసోనియ్యుండ్రి."

పెన్ను ఇంకు బొటనేలికి పూసుకోని ముద్రేసిండు. గంట తిరగకముందే దాని కింద నలభై సంతకాలు పడ్డయి.

కమిటీ తీసేసింది. దశరథ్ పొయ్యే దినం హోటలుకొచ్చి చాయ్ తాగిండు. మొదలు ఎవరు పెట్టిండ్రని అడిగితె, నీ ఆట బాగ తెలిసినోడే ఎవరో పెట్టిండని అంజయ్య ఎగతాళి చేసిండు.

దశరథ్ నవ్విండు. బ్యాగు ఎత్తుకునే ముందు జరసేపు గోడ పట్టుకోని నిలవడ్డడు.

కొత్త కోచ్ కృష్ణకాంత్ హైదరాబాద్ నుంచొచ్చిండు. పిల్లగాండ్లకన్న ముందట ఉరికేటోడు. అంజయ్య ఖుషీ.

గని ఆ యేడు టీము ఒక్క మ్యాచు గెలువలే.

గోల్ పడ్డప్పుడల్ల పిల్లగాండ్లు, దశరథ్ కూసోని ఉపాయాలు చెప్పిన ఆ ఖాళీ బండ దిక్కే చూసేటోళ్ళు. ఒక దినం గోల్‌కీపర్ నవీన్, "సార్, ఎటు దుంకాలె?" అని ఆ బండనే అడిగిండు.

ఎవ్వరికీ నవ్వు రాలే.

మళ్ళ ఎండకాలమొచ్చింది. దశరథ్‌ను ఎనుకకు తేవాలని ఈసారి మొదటి సంతకం అంజయ్యనే పెట్టిండు. ఫోనూ తానే చేసిండు.

"ఎల్లుండి వస్త అంజన్నా" అన్నడు దశరథ్.

తెల్లారి ముసలాయన మళ్ళొచ్చిండు. రెండు బస్సులు మారి వచ్చిండట, ఒళ్ళంత దుమ్ము. మూల బల్ల మీద కూసోని, ఆయనను పిలువకుండ్రి అన్నడు.

అంజయ్యకు కోపమొచ్చింది. నీ వల్లనే టీము ఆగమైందన్నడు, ఏ టీమోళ్ళు పంపితె వచ్చినవన్నడు.

"ఆయన ఉరకలేడు బిడ్డా."

"గీ కాళ్ళతోటి నువ్వు చెప్పొచ్చినవా?"

ముసలాయన తన కాళ్ళు చూసుకున్నడు.

అంజయ్య పెండ్లాం ప్రమీలమ్మ చాయ్ తెచ్చేలోపటనే, బల్ల ఖాళీ చెయ్యమన్నడు అంజయ్య. ఆయన లేవనీకె శానసేపు పట్టింది. ఎవ్వరూ చెయ్యియ్యలే.

దశరథ్ వచ్చిండు. డప్పులు కొట్టుకుంట గ్రౌండుకు తీస్కపోయిండ్రు. ఎప్పటి లెక్కనే బండ మీద కూసోబోయిండు.

"ఈసారి కూసోనియ్యం సార్" అన్నడు అంజయ్య, ప్రేమతోటే.

దశరథ్ అందరి మొకాలు చూసిండు. వంగి బూట్ల తాళ్ళు కట్టుకున్నడు. పిల్లగాండ్ల ముందటవడి ఉరికిండు.

రెండు చుట్లు తిరిగిండు. మూడో చుట్టుల అంజయ్య కండ్ల ముందటనే నేలకొరిగిండు.

దవాఖాన చేరేలోపట పానం పోయింది.

ఆయనది మర్రిగూడ అని, శవాన్ని ఇంటికి తీస్కపొయ్యే దినం తెలిసింది ఊరోళ్ళకు.

శవంతోటి అంజయ్య కూడ పోయిండు. దశరథ్ భార్య సాలమ్మ ఏడ్వలే. గుండె చెడిపోయింది, ఉరికితె దక్కడని మూడేండ్ల కిందనే డాక్టర్లు చెప్పిండ్రన్నది. బయట తెలిస్తె ఏ టీమూ పిలువదని, ఎవ్వరికీ చెప్పొద్దని ఇంట్లోళ్ళతోటి ఒట్టేయించుకున్నడట.

"మీరు తీసేసిన ఆ ఒక్క యేడాదే మాకు దక్కిండు" అన్నది.

అంజయ్య మెల్లగ తలెత్తి చూస్తె, వాకిట్ల కొడుకు తలను ఒళ్ళె పెట్టుకోని ఆ ముసలాయన కూసున్నడు.