గుత్తేదారు దస్కతు

ఎడమ చేత్తో పట్టిన చెరుకు కత్తిని భూమేష్ గుత్తేదారు రాజేందర్ గొంతుకు ఆనించాడు. చర్మం గీసుకుని నెత్తురు రాజేందర్ చొక్కా మీదికి కారింది.

"మిల్లుల నా కుడిచెయ్యి నలిగితే, నేనెవన్నో ఎరుకలేదంటివి. ఇప్పుడు నా నష్టపరిహారం కేసు గూడ కొట్టేపిస్తివి!"

"కొట్టెయ్యలే! నిజామాబాద్ సివిల్ కోర్టుల నడువదు, లేబర్ కోర్టుకు పొమ్మన్నరు, గంతే."

భూమేష్ తల్లి దేవవ్వ, రాజేందర్ కోర్టులో ఇచ్చిన జవాబు కాగితం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "'ఇతను నా కార్మికుడు. కాబట్టి లేబర్ కోర్టుకే పోవాలి.' కింద నీ దస్కతే గదా, పటేలా?"

రాజేందర్ ఆ దస్కతు మీది నుంచి చూపు తిప్పుకున్నాడు.

"కత్తి దించు కొడుకా. వీని గొంతు కోస్తే, నువ్వు వీని కార్మికునివని గా లేబర్ కోర్టుల మల్ల ఎవడు జెప్తడు?"

కత్తి దిగింది. దేవవ్వ కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుంది.